పెదవులు తెరవని పాట

నేలమడుగు, ఉసూర్ అవతల
ఫిబ్రవరి చివరి ఆదివారం

వదినా, వందనాలు.

ఫోన్ చేస్తే ముందు అన్నయ్య, తర్వాత అమ్మ, ఆ తర్వాత పిల్లలు మాట్లాడేసి నీ చేతికొచ్చేసరికి చార్జింగ్ అయిపోతుందని, నేను ఉద్యోగానికి బయల్దేరిన రోజున ఉత్తరాలు రాయమన్నది నువ్వే కదా. ఆ మాట ఇక్కడ బాగా పనికొచ్చింది. ఈ ఊళ్ళో టవరు తనకి బుద్ధి పుట్టిన రోజే పలుకుతుంది. జీపు నడిపే మంగల్ బీజాపూర్ వెళ్ళినప్పుడల్లా నా ఉత్తరాలు పోస్టులో వేస్తాడు, నీవి వస్తే తెచ్చిస్తాడు.

ఊరెలా ఉందన్నావు. నాకింకా కలలో తిరుగుతున్నట్టే ఉంది వదినా. తెల్లవారి తలుపు తీస్తే ఎదురుగా ఏమీ ఉండదు, అంతా మంచు. కాసేపటికి అందులోంచి ఒక ఆవు వస్తుంది, తర్వాత ఒక చెట్టు, తర్వాత నెత్తిన గంపతో ఒక మనిషి. మన కిరండూల్‌లో పుట్టి పెరిగి, పొద్దున లేస్తే ఎర్ర దుమ్మూ గూడ్సు బండ్ల చప్పుడూ తప్ప ఎరగని నాకు ఈ నిశ్శబ్దం ఇంకా అలవాటు కాలేదు.

మా ఆస్పత్రి అంటే రెండు గదులు, ఒక పొడవాటి వరండా, ఒక డాక్టరు, నేను. సంత రోజున వరండా కిటకిటలాడుతుంది. ఆ జనంలో ఇర్మె అని ఒక అమ్మాయి ఉంది. ఇరవై దాటి ఉండవు. మేనత్త నందేతో కలిసి వాగు దాటి వస్తుంది. ఎప్పుడూ ఒకటే చోటు. పొద్దుటి ఎండ ముందుగా పడే స్తంభం దగ్గర మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంటుంది. కూర్చుని పాడుతుంది. మాటలేవీ ఉండవు. సన్నగా, ఎక్కడా తెగకుండా సాగిపోతుంది. కట్లు కట్టే నా చేతులు కూడా ఆ పాటకి నెమ్మదిస్తాయి. మొన్న ఉండబట్టలేక వెళ్ళి, "ఎంత బాగుందో, ఇంకొంచెం పాడమ్మా" అన్నాను. నావైపు ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని మళ్ళీ అందుకుంది.

ఒళ్ళు నొప్పులని నందే చెబుతుంది. మాత్రలిస్తాం. అందరికంటే చివర పిలిచినా విసుక్కోదు. అదే బజారు సేఠ్ గారి భార్య అయితే తలనొప్పికే ఆస్పత్రి కప్పు లేచిపోతుంది, ఆవిడకి ముందు సూది వేస్తేగానీ మాకు శాంతి ఉండదు. "ఇక్కడివాళ్ళు గట్టివాళ్ళు సిస్టర్, వాళ్ళకి నొప్పి అంతగా తెలీదు" అంటాడు మా డాక్టర్ బాబు, మెచ్చుకోలుగానే. చూస్తుంటే నాకూ నిజమే అనిపిస్తోంది.

పిల్లలకి ముద్దులు.

నీ ఆడపడుచు,
స్వర్ణ

*

కిరండూల్, రైల్వే క్వార్టర్స్
మార్చి రెండో వారం

ఆడపడుచు గారికి,

మీ వదిన ప్రమీల సలాములు చేస్తూ రాయునది. నవ్వకు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా చేత టీ పెట్టించుకున్న మనిషివి, ఇప్పుడు సిస్టరమ్మవి, ఈ మాత్రం మర్యాద చెయ్యాలి కదా.

నీ ఉత్తరం అందింది. అత్తయ్యకి చదివి వినిపించాను. మంచులోంచి ఆవు వచ్చిన దగ్గర, "పాలిస్తుందో లేదో రాయలేదేం" అంది. మీ అన్నయ్య జాన్‌బాబు గారికి గూడ్సు బండితో కాపురం ఎక్కువైంది, వచ్చిన పూట తిని పడుకోవడమే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక బిర్యానీ చేశాను. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నేను మజ్జిగ తాగి ఊరుకున్నాను, ఈ మధ్య నూనె పడటం లేదులే. నా గురించి రాయడానికి ఇంకేం లేదు. ఆరేసిన తెల్ల బట్టలు ఎర్రబడ్డాయి, మళ్ళీ ఉతికాను. అంతే నా కథ.

ఆ పాడే పిల్ల మాత్రం నీ ఉత్తరంలోంచి వచ్చి నా వంటింట్లో కూర్చుంది. పొయ్యి దగ్గర ఉన్నా అదే ధ్యాస. ఒకటి అడుగుతాను, చెప్పు. పాడేటప్పుడు ఆమె పెదవులు తెరుస్తుందా? ఒళ్ళు కదులుతుందా? పాట ఉన్నట్టుండి పైకి లేచి, మళ్ళీ కిందికి దిగుతుందా? ఇంత ఆరా ఎందుకని అడగకు. మీ వదినకి పాటలంటే పిచ్చని మీ ఇంట్లో అందరూ అనేదే కదా.

జాగ్రత్త. కాచిన నీళ్ళే తాగు.

ప్రమీలారాణి

*

నేలమడుగు
మార్చి చివర

వదినా,

ఇప్ప పూలు రాలడం మొదలైంది. ఇప్పుడు నువ్వు ఇక్కడుండాలి. తెల్లవారకముందే ఊరు ఊరంతా చెట్ల కింద ఉంటుంది. కింద ఆకులు కాల్చి శుభ్రం చేసుకుంటారు, ఆ నల్లటి నేల మీద పసుపుపచ్చగా పూలు. గాలి నిండా తీపి వాసన. మందుల గది తలుపు వేసుకున్నా లోపలికి వస్తుంది. మాత్రలు లెక్కపెడుతూ నిద్రలోకి జారిపోయానంటే నమ్ము. డాక్టర్ బాబు చూసి, "సిస్టర్, మీరు తాగకుండానే మత్తెక్కారు" అని నవ్వాడు.

నీ ప్రశ్నలకి జవాబులు. లేదు, పెదవులు తెరవదు. ముందుకీ వెనక్కీ మెల్లగా ఊగుతుంది, పసిపిల్లని జోకొట్టినట్టు. అవును, పాట ఉన్నట్టుండి పైకి లేస్తుంది, కాసేపు అక్కడే నిలబడి దిగుతుంది. నీకెలా తెలిసింది? అలా పాడి పాడి గోడకి ఆనుకుని నిద్రపోతుంది. నిద్రలో ముఖం ఎంత ప్రశాంతంగా ఉంటుందో. పోయిన సంతకి నిద్రపోతున్న పిల్లని లేపడమెందుకని, సాయంత్రం ఎండ దిగాక పిలిచాను. నందే కూడా ఏమీ అనలేదు. వాళ్ళకి మనలా తొందరలుండవు వదినా. ఆ ఓపిక నాకూ కొంచెం అబ్బితే బాగుండు.

పూల కాలంలో కూడా మానకుండా వస్తోందని మాకే ఆశ్చర్యం. అందరూ అడవిలో ఉంటే ఈమె మాత్రం వరండాలో. "పాట వినేవాళ్ళు దొరికారని వస్తోందేమో" అన్నాను డాక్టర్ బాబుతో.

నీకు నూనె ఎందుకు పడటం లేదు? ఏం తింటున్నావో రాయి.

స్వర్ణ

*

కిరండూల్
ఏప్రిల్, బుధవారం

స్వర్ణా,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. మీ అన్నయ్యకి తెలిసిన బస్సు కండక్టరు చేతికిచ్చి, బీజాపూర్‌లో మంగల్‌కి అందించమంటున్నాను. నిన్నటి నుంచీ నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను, పరిధిలో లేదంటోంది.

ఆ పిల్ల పాడటం లేదు. నొప్పిని పళ్ళ కింద పెట్టుకుంది. పెదవులు తెరిస్తే అది కేకై బయటికొస్తుంది. పాట పైకి లేచినప్పుడు నొప్పి లేచిందన్నమాట. నువ్వు రాసిన నిద్ర నిద్ర కాదు తల్లీ, ఒంట్లో సత్తువ అయిపోయి ఒరిగిపోవడం.

పూల కాలంలో ఆ ఊళ్ళో మనిషి చెట్టు కిందికి పోకుండా ఆస్పత్రికి వస్తోందంటే, పాట వినేవాళ్ళ కోసమా వచ్చేది? నీకు కోపం వస్తే రానీ. తర్వాత తీరిగ్గా తిట్టుకో.

ఇది అందగానే చేతిలో పని పక్కన పెట్టి ఆమె దగ్గరికి వెళ్ళు. బల్ల ఇవతల నిలబడి హిందీలో "దర్ద్ హై క్యా", నొప్పుందా అని అడగకు. పక్కన కూర్చో. ఒంటి మీద చెయ్యి వెయ్యి. నాకెలా తెలుసని ఇప్పుడు అడగొద్దు.

వదిన

*

నేలమడుగు
ఏప్రిల్, సంత మర్నాడు

వదినా,

నీ ఉత్తరం సరిగ్గా సంత రోజు పొద్దున్నే వచ్చింది. మంగల్ జీపు ఆపుతూనే చేతికిచ్చాడు. వరండాలో నిలబడి చదువుతున్నాను, వెనక స్తంభం దగ్గర ఆ పాట నడుస్తోంది. నువ్వు రాసినవి చదువుతూ విన్నాను. వదినా, ఒక్కసారిగా అది పాట కాకుండా పోయింది. ఇన్నాళ్ళూ నేను విన్నదేమిటో నాకే తెలియలేదు.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. భుజం మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. ఇక్కడివాళ్ళ దోర్లా భాషలో నాకొచ్చిన నాలుగు ముక్కలతో ఎక్కడమ్మా అని అడిగాను. నా చెయ్యి తీసుకుని కాలి ఎముక మీద పెట్టుకుంది, తర్వాత మోకాలు, తర్వాత నడుము, చివరికి రొమ్ము మీద. అక్కడ పెట్టి వదల్లేదు. ఊపిరి పక్షి ఊపిరిలా ఉంది.

"లోపల ఏందో కొరుకుతాంది" అంది. నేను విన్న ఆమె మొదటి మాట అది.

నందేని అడిగాను, ఇంత నొప్పని ఇన్ని సంతలుగా ఎందుకు చెప్పలేదని. "ఏంది సిస్టరమ్మా, నువ్వే గదా మంచిగుంది, ఇంక పాడు అంటివి. ఇంగ నీకేం జెప్పాలె? నొప్పొస్తే మా ఇంట్ల ఆడోళ్ళం గట్లనే గునుగుతం. ఒర్లితే పక్కింట్ల పిల్లలు జడుస్తరు గదా" అంది. కోపంగా కూడా అనలేదు.

వేలికి మిషను పెడితే ఆక్సిజన్ బాగా తక్కువ చూపించింది. డాక్టర్ బాబు పరుగున వచ్చాడు. చుక్క రక్తం తీసి పరీక్ష చేస్తే సికిల్ అని తేలింది. ఒంట్లో రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి దారుల్లో ఇరుక్కుంటాయి, రక్తం అందని చోటల్లా ఎముక లోపలి నుంచి నొప్పి. చలిలో వాగు దాటితే ఇంకా ఎక్కువవుతుంది. అందుకేనేమో ఎండ పడే స్తంభం వెతుక్కునేది. ఇప్పుడది ఊపిరితిత్తులకి పాకింది. ఆ పరీక్ష సామాను మా బీరువాలోనే ఉంది వదినా. నీరసంగా కనిపించినవాళ్ళకల్లా చేస్తున్నాం. పాడుకునే పిల్లకి చెయ్యాలని ఎవరికీ తోచలేదు.

ఆక్సిజన్ పెట్టి, సెలైన్ ఎక్కించి, నొప్పికి సూది వేసి, అంబులెన్సులో బీజాపూర్ పంపాం. డాక్టర్ బాబు కూడా వెళ్ళాడు. సూది పనిచేయడం మొదలవగానే ఆమె గునగడం ఆపేసింది. ఆ నిశ్శబ్దం చూసి నాకు భయం వేసింది, చచ్చిపోయిందేమోనని. కళ్ళు తెరిచి చూస్తోంది.

ఇంకా ఏ కబురూ లేదు. వరండాలో స్తంభం దగ్గర ఎండ పడుతోంది, ఎవరూ లేరు.

వదినా, నీకెలా తెలుసు? నువ్వు అంట్లు తోముతూ, పిండి కలుపుతూ ఎప్పుడూ కీర్తనలు కూనిరాగం తీస్తుంటావు. మా ఇంట్లో రేడియో అక్కర్లేదని అన్నయ్య ఫ్రెండ్స్‌తో గొప్పలు చెప్పుకుంటాడు. నాకేదో అనుమానంగా ఉంది. రాయడానికి చెయ్యి రావడం లేదు.

స్వర్ణ

*

కిరండూల్
ఏప్రిల్ చివర

స్వర్ణా,

ముందు ఇర్మె సంగతి రాయి. బతికిందా? రోజూ ప్రార్థనలో ఆమె పేరు చెబుతున్నాను. అత్తయ్యకి ఇర్మె ఎవరో తెలియక, మన బంధువుల్లో ఎవరో అనుకుని తనూ ఆమెన్ అంటోంది.

ఇక నా సంగతి. నీ అనుమానం నిజమే.

కొన్నేళ్ళ నుంచీ ఉంది. కుడివైపు డొక్కలో మొదలై వీపులోంచి భుజానికి పాకుతుంది. నూనె వస్తువు తింటే ఇంక చెప్పక్కర్లేదు. మొదట్లో ఒకసారి మీ అన్నయ్య ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన నా వైపు చూడకుండా మీ అన్నయ్యని అడిగాడు ఏమైందని. "మీ ఆంధ్రా ఆడవాళ్ళు కారం దంచి పోస్తారు, ఇంటిపని ఎక్కువైతే కడుపునొప్పి తెచ్చుకుంటారు" అని హిందీలో జోకేశాడు. మీ అన్నయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వే మనిషికి నొప్పేమిటి? గ్యాస్ మాత్రలు రాసిచ్చాడు. నొప్పి ఎంతుందని మాత్రం అడగలేదు. మళ్ళీ వెళ్ళబుద్ధి కాలేదు.

ఆ తర్వాత నొప్పి వచ్చినప్పుడల్లా కీర్తన ఎత్తుకునేదాన్ని. పళ్ళు బిగించి పాడితే పిల్లలు భయపడరు. నీకు నర్సింగ్ సీటు వచ్చిన రోజు గుర్తుందా? ఇంటినిండా చుట్టాలు. నేను గిన్నెల ముందు కూర్చుని ఆపకుండా పాడుతుంటే, "మా వదిన సంతోషం చూడండి" అని నువ్వు అందరికీ చూపించావు. నీ మీద నాకేం కోపం లేదు. ఆ రోజు సంతోషంగానే ఉన్నాను, నొప్పిగానూ ఉంది. రెండోది ఎవరికీ కనపడలేదు, నేనూ చూపించలేదు.

నీ మొదటి ఉత్తరంలో ఆ పిల్లని చదివినప్పుడు నన్నెవరో అద్దంలో చూపించినట్టయింది. నాకోసమైతే నోరు తెరిచేదాన్ని కాదు. ఆమె కోసమని తెరిచాను.

మీ అన్నయ్యకి చెప్పకు.

ప్రమీల

*

నేలమడుగు
మే

వదినా,

బతికింది! ఇర్మె బతికింది. బీజాపూర్ నుంచి జగదల్‌పూర్ పంపారట, రక్తం ఎక్కించారట. నిన్న మంగల్ జీపులోంచి దిగింది. వాగు దాటనివ్వలేదు, చుట్టూ తిప్పి రోడ్డు మీదనుంచే తీసుకొచ్చాడు. చిక్కిపోయింది గానీ నడుస్తోంది. ఇకమీదట రోజూ మాత్రలు, ప్రతి నెలా పరీక్ష. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూడగానే వరండాలో అందరి ముందూ ఏడ్చేశాను. నందే తన కొంగుతో నా ముఖం తుడిచి, "ఏంది సిస్టరమ్మా, నువ్వు ఒర్లుతున్నవ్, మా పిల్లలు జడుస్తరు" అంది. పకపకా నవ్వింది.

డాక్టర్ బాబు బీజాపూర్ నుంచి వచ్చిన రోజు, "కేకలేసినవాళ్ళనే చూస్తున్నాం సిస్టర్. కేకెయ్యని వాళ్ళని గట్టివాళ్ళని మెచ్చుకుని వదిలేస్తున్నాం" అన్నాడు. మెచ్చుకోవడం కూడా ఒక మనిషిని ఇంతలా మరుగుపరుస్తుందని నాకెప్పుడూ తెలియదు. నా మొదటి ఉత్తరం నీ దగ్గరుంటే చింపెయ్యి. వద్దులే, ఉంచు.

ఇప్పుడు పొద్దున్నే చీటీలు రాయకముందే వరండా చివరిదాకా వెళ్ళి, ఒక్కొక్కరి పక్కన కూర్చుంటున్నాను. నొప్పుందా అని అడగను. రాత్రి నిద్ర పట్టిందా, నీళ్ళు తెచ్చుకోగలిగావా, ముద్ద దిగిందా అని అడుగుతాను. సేఠ్ గారి భార్యనీ అవే అడిగాను. ఆవిడకి రాత్రిళ్ళు నిజంగానే నిద్ర లేదట, పాపం. కేకలేస్తుందని ఆవిడ నొప్పిని కూడా మేమెప్పుడూ సరిగ్గా వినలేదు.

అలాగని నేను మారిపోయానని అనుకోకు. మొన్న ఒక ముసలాయన తూలుతూ వస్తే, పొద్దున్నే తాగొచ్చాడని ముక్కు మూసుకున్నాను. ఆయన భుజాన ఉన్నది ఎండు ఇప్పపూల మూట, వాసన దానిది. ఒంట్లో నూటమూడు జ్వరం. నాలో ఆ చూపు ఇంకా ఉంది, ఏ పూట ఎక్కడ తొంగిచూస్తుందో తెలీదు. అందుకే ముందు కూర్చుంటున్నాను, తర్వాతే ఏదైనా అనుకుంటున్నాను.

ఇక నీ సంగతి. అన్నయ్యకి చెప్పొద్దన్నావు. చెప్పేశాను. టవరు పలికిన పూట గుట్టెక్కి చెప్పాను. "నేను రేడియో అనేవాణ్ణి కదే స్వర్ణా" అన్నాడు.

సెలవు పెట్టాను. నిన్ను విశాఖ పెద్దాస్పత్రిలో చూపిద్దాం, అక్కడికి వెళ్ళే బండి నేను జగదల్‌పూర్‌లో ఎక్కుతాను. నువ్వు కిరండూల్ నుంచి కిటికీ పక్కన సీటు ఉంచు. సొరంగాల్లో నీకు నొప్పొస్తే కీర్తన పాడకు. నా చెయ్యి పట్టుకుని అరువు.

స్వర్ణ

*

కిరండూల్
జూలై

స్వర్ణా,

నువ్వు మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది. కుట్లు ఆరాయి. పిత్తాశయంలోంచి తీసిన రాళ్ళని మీ అన్నయ్య చిన్న సీసాలో పోసి, వచ్చినవాళ్ళకల్లా చూపిస్తున్నాడు. "ఇవి మా ఆవిడ మోసింది" అని. సిగ్గుతో చస్తున్నాను, సీసా మాత్రం దాచలేదు. అలా చూపించుకోవడం నాకు లోలోపల ఇష్టంగానే ఉంది.

విశాఖలో స్కాను గదిలో ఆ అమ్మాయి, "నొప్పి ఎంతుండేదమ్మా?" అని నన్నే చూసి అడిగింది కదా, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నొప్పికి ఎప్పుడూ ఏడవలేదు, అడిగారని ఏడ్చాను. తిరుగు ప్రయాణంలో అరకు దాటాక సొరంగాల్లో చీకటీ వెలుగూ, చీకటీ వెలుగూ. నువ్వు నా భుజం మీద నిద్రపోయావు. ఇంత హాయి కూడా ఉంటుందా అని భయమేసింది నాకు.

వానలు పడుతున్నాయి. కొండ మీంచి ఎర్రటి నీళ్ళు దిగుతున్నాయి. నిన్న వాన చూస్తూ పిండి కలుపుతుంటే నాకు తెలియకుండానే నోట్లోంచి కీర్తన వచ్చింది. గిన్నె కింద పడ్డ చప్పుడు. తిరిగి చూస్తే మీ అన్నయ్య గుమ్మంలో ఉన్నాడు, తింటున్న అన్నం వదిలేసి పరిగెత్తుకొచ్చాడు, ఎంగిలి చేత్తోనే.

"ఎక్కడ?" అన్నాడు.

"ఎక్కడా లేదు. ఊరికే పాడుతున్నాను" అన్నాను.

నమ్మలేదు. నా ముఖంలోకి చూశాడు, పెదవులు చూశాడు. స్టవ్ ఆపేశాడు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని, "అయితే పాడు" అన్నాడు. నోరు తెరిచి పాడాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నా పాట చివరిదాకా వినడం ఇదే మొదటిసారి.

వదిన